నలభై ఎనిమిది లక్షల క్లెయిము

మా ఆఫీసు అంటే చిత్తూరులో మా ఇంటి కింది వాటాయే. నాన్న కాంట్రాక్టులు చేస్తారు, లెక్కలు నేను చూస్తాను. ఇంటికీ ఆఫీసుకూ కలిపి కరెంటు మీటరు ఒక్కటే. అదేమంత పెద్ద విషయమని అప్పట్లో ఎవరికీ తోచలేదు.

2021 ఫిబ్రవరి 1న తిరుపతిలో ఒక లాడ్జి పని మొదలుపెట్టాం. విలువ 4 కోట్ల 80 లక్షలు, గడువు 12 నెలలు. అప్పగించింది 2022 సెప్టెంబరు 30న. ఒప్పంద పత్రంలో చిత్తూరు జిల్లా అని ఉంటే, అప్పగింత కాగితం నాటికి అది తిరుపతి జిల్లా అయింది. జిల్లా ముక్కలయ్యేంత కాలం సాగిందన్నమాట మా లాడ్జి.

ఎనిమిది నెలల ఆలస్యంలో తప్పంతా యజమానిదే అనను. 2021 నవంబరు వరదలకు సెల్లారు చెరువైంది, నీళ్లు తోడి బురద ఎత్తడానికే నెల పట్టింది. రాడ్ బెండింగ్ మేస్త్రి మధ్యలో వెళ్లిపోయి రెండు నెలలు పోయాయి, అది మా ఖాతాలోదే. మిగిలిన ఐదు నెలలు మాత్రం వాళ్లవే. లిఫ్టు ఇటు కాదు అటన్నారు, సెల్లారులో వంటగది కావాలన్నారు, మార్చిన డ్రాయింగులేమో ఇదిగో అదిగో అన్నారు.

ఆలస్యమైతే సిమెంటు, ఇనుము ధరలే అందరికీ గుర్తొస్తాయి. సైటు ఆగినా ఆఫీసు ఆగదన్న సంగతి ఎవరికీ పట్టదు. నా జీతం, ఆడిటర్ ఫీజు, బ్యాంకు గ్యారంటీ కమీషను, జీపు డీజిలు అన్నీ నడుస్తూనే ఉంటాయి. పన్నెండు నెలల బిల్లుల్లో రాబట్టుకోవాల్సిన ఆ ఖర్చును ఇరవై నెలలు మోశాం.

మా అదృష్టం ఒక్కటే. గడువు పొడిగిస్తూ 2022 జనవరిలో యజమాని ఇచ్చిన కాగితంలో ‘అదనపు సొమ్ము అడగరాదు’ అని ఉంది. నాన్న పెన్ను తీశారు కూడా. లాయరు గారికి ఫోను చేస్తే సంతకం ఆపమన్నారు. పొడిగింపుకు ఒప్పుకుంటున్నాం కానీ నష్టం అడిగే హక్కు వదులుకోవడం లేదని అదే రోజు ఉత్తరం రాసి రిజిస్టరు పోస్టులో పంపాను. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 55వ సెక్షను ప్రకారం ఆ నోటీసు అప్పుడే ఇవ్వాలి, తర్వాత గుర్తొచ్చి లాభం లేదు.

2023లో వ్యవహారం ఆర్బిట్రేషనుకు, అంటే కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకు వెళ్లింది. ఆర్బిట్రేటర్ ఒక విశ్రాంత ఇంజనీరు. మేము హడ్సన్ సూత్రం పట్టుకున్నాం. టెండరు లెక్కలో ఆఫీసు ఖర్చులు, లాభం కలిపి వేసుకున్న శాతాన్ని నెలసరి కాంట్రాక్టు విలువకు కట్టి, ఆలస్యమైన నెలలతో గుణించడమే ఆ సూత్రం. మేము వేసుకున్నది 15 శాతం. నెలకు 40 లక్షల పని, ఎనిమిది నెలలు. 48 లక్షలు! ఆ అంకె చూసి ఆ రాత్రి నాన్న రెండు ముద్దలు ఎక్కువ తిన్నారు.

ఇలాంటి సూత్రాలు వాడుకోవచ్చని మెక్‌డెర్మాట్ కేసులో 2006లోనే సుప్రీంకోర్టు చెప్పిందని మా లాయరు వాదించారు. అవతలి లాయరు 2023 సెప్టెంబరులో అదే సుప్రీంకోర్టు ఇచ్చిన బాట్లీబాయ్ తీర్పు బల్లమీద పెట్టారు. సూత్రం ఉంది కదా అని గుడ్డిగా వర్తింపజేయకూడదని, ఒకే నష్టాన్ని రెండుసార్లు లెక్కగట్టకూడదని అందులో ఉంది. అది చదువుతుంటే నాకే మా 48 లక్షలు తేలిపోతున్నట్టు అనిపించింది.

ఆర్బిట్రేటర్ మా ఆడిట్ లెక్కలు తెప్పించుకున్నారు. “ఈ కరెంటు బిల్లులో ఆఫీసు ఎంత, ఇల్లు ఎంత అమ్మా?” అని అడిగారు. నాకు మాట రాలేదు. తర్వాతి పేజీలో కాణిపాకం వెళ్లొచ్చిన డీజిలు. యజమాని అందుకుని, “ఆ కాణిపాకంలోనే ప్రమాణం చేయమనండి, ఇవన్నీ ఆఫీసు ఖర్చులేనని” అన్నారు. నాన్న సరేనని లేవబోతే ఆర్బిట్రేటర్ కూర్చోమని సైగ చేసి, “దేవుడి దాకా ఎందుకు, బిల్లులు చూపించండి” అన్నారు.

చూపించగలిగినవి మిగిల్చి చూస్తే ఆఫీసు ఖర్చు టర్నోవరులో నాలుగున్నర శాతం. యజమాని వల్ల పోయిన ఐదు నెలలకే కడితే 9 లక్షలు. ఆ నెలల్లోనే సెల్లారు మార్పులకు 50 లక్షల అదనపు బిల్లు తీసుకున్నాం, ఆ రేట్లలో ఆఫీసు ఖర్చు కలిసే ఉంది. దాని వంతు 2,25,000 తీసేస్తే 6,75,000. లాభం పైసా ఇవ్వలేదు. “ఈ పని పట్టి ఉంచడం వల్ల ఏ పని వదులుకున్నారు?” అని అడిగితే, పలమనేరులో ఒక పని ఉందని తెలిసీ టెండరు వేయలేదన్నాం. వేయని టెండరుకు రుజువు ఎక్కడి నుంచి తేగలం? న్యాయమే కావచ్చు, నాకింకా మింగుడుపడలేదు.

సైటు ఖర్చుల దగ్గర మాత్రం ఎవరూ నోరెత్తలేదు. సెంట్రింగ్ అద్దె రసీదులు, ఇంజనీరు జీతం, షెడ్డు అద్దె తేదీలవారీగా ఉన్నాయి. అన్నిటికన్నా వాచ్‌మన్ నోటుబుక్కు నిలబడింది. వంకర అక్షరాలతో ‘నేడు పని లేదు, పటం రాలేదు’ అని రోజూ రాసి వేలిముద్ర వేసేవాడు. సంతకం వచ్చినా వేలిముద్రే నమ్మకమట. నెలకు 1,42,000 చొప్పున ఐదు నెలలకు 7,10,000 పూర్తిగా ఇచ్చారు. మొత్తం 13,85,000.

ఆర్బిట్రేషను చట్టం 34వ సెక్షను కింద తీర్పు కొట్టేయమని యజమాని కోర్టుకు వెళ్తారేమోనని మూడు నెలలు చూశాం. వెళ్లలేదు. డబ్బు జమ అయిన వారం నాన్న కింది వాటాకు వేరే మీటరు పెట్టించారు.