పదిహేను కిలోల పిల్లకు అయిదొందల క్యాప్సూల్

మహారాష్ట్రలోని సిరోంచ, అహేరి, రాజురా వైపు తెలుగిళ్లలో సికిల్ సెల్ అంటే ఏమిటో, అంటే ఎర్రకణాలు కొడవలిలా వంగి నొప్పులు, రక్తహీనత తెచ్చే వంశపారంపర్య జబ్బని, ఇప్పుడు విడమరచి చెప్పనక్కర్లేదు. దానికి ఇచ్చే మందు హైడ్రాక్సీయూరియా. మామూలుగా దొరికేది 500 మిల్లీగ్రాముల క్యాప్సూల్. కిలో బరువుకు రోజుకు 10 మిల్లీగ్రాముల చిన్న మోతాదు కూడా మన పేషెంట్లలో నొప్పుల దాడిని బాగా తగ్గిస్తుందని నాగపూర్‌లోనూ, ఒడిశాలోని బుర్లాలోనూ డాక్టర్లు చూపించారు. ఆ లెక్కన పదిహేను కిలోల పిల్లకు కావలసింది 150. క్యాప్సూల్‌లో మూడోవంతు కూడా కాదు.

మరి తల్లి దాన్నెలా పంచాలి? డాక్టరు చెబితే విప్పి పది మిల్లీలీటర్ల నీళ్లలో కలుపుతుంది. మిల్లీలీటరుకు 50 వస్తుంది కాబట్టి సిరంజితో మూడు మిల్లీలీటర్లు తీసి పట్టాలి. సిరంజి లేక చెంచాతో పోస్తే మోతాదు తప్పుతుంది. ఎక్కువైతే తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. అందుకే మొదట్లో నెలనెలా రక్తం చూడాలి. ఆ పొడిని గర్భిణులు ముట్టుకోకూడదు. డాక్టరు చెప్పకుండా ఎవరూ ఇలా కలపొద్దు.

పిల్లలకు తగ్గ ద్రవరూపం మందు ఎప్పుడో రావలసింది. పేటెంటు ఎప్పుడో తీరిన పాత మందు, కొనేవాళ్లు అడవి అంచున కూలీలు. ఏ కంపెనీ తనంతట తాను ఎందుకు పరీక్షిస్తుంది? 2024లో కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ కంపెనీలను ఇందుకోసం పిలవాల్సి వచ్చింది. మన దేశంలో ఈ జబ్బును నీలగిరుల్లో తొలిసారి గుర్తించింది 1952లో. దీన్ని నిర్మూలించే జాతీయ మిషన్ మొదలైంది 2023లో, గడువు 2047. ఇలాంటి జబ్బుకు సర్కారు సొమ్ము తప్ప వేరే దిక్కు లేదు. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ఆరోగ్య మంత్రిత్వ శాఖకు మొత్తం దాదాపు 99,859 కోట్లు ఇస్తే, అందులో ఆరోగ్య పరిశోధన విభాగం వాటా 3,900 కోట్లే. నూటికి నాలుగు రూపాయలు.

ఆ కొద్ది సొమ్మూ పరిశోధన ప్రాజెక్టులకు వాయిదాల్లో వస్తుంది. మార్చి 31తో ఏడాది ముగుస్తుంది. ఖర్చుల పట్టిక, వినియోగ ధ్రువపత్రం వెళ్తేనే తర్వాతి వాయిదా. ధ్రువపత్రంలో ఒక పద్దు తేడా పడితే ఫైలు వెనక్కి వస్తుంది. ఆ మధ్యకాలంలో ఊళ్లు తిరిగి పిల్లల్ని చూసే ఫీల్డ్ వర్కర్‌కు జీతం ఆగుతుంది, ఆయన వేరే పని చూసుకుంటాడు. పరీక్షల యంత్రం మూలన ఉన్నా పాడవదు గానీ, మూడు నెలలు ఎవరూ గడప తొక్కని ఇంటి పిల్ల లెక్కలోంచి జారిపోతుంది. పుట్టిన పిల్లల్లో ఆరునెలల దాకా పిండదశ హిమోగ్లోబిన్ కాపాడుతుంది, జబ్బు అసలు రూపం ఆ తర్వాతే. అయిదేళ్లు వెంబడించకపోతే తెలిసేది సగమే. ప్రాజెక్టులు మాత్రం ఎక్కువగా మూడు నాలుగేళ్లవే. నన్నడిగితే యంత్రాల పద్దు తగ్గించైనా ఊళ్లు తిరిగే మనిషి జీతానికి ఎక్కువ పెట్టాలి.

యంత్రాలు వద్దని కాదు. ఊళ్లో చేసే సాల్యుబిలిటీ పరీక్షలో రక్తం కలిపిన ద్రావణం మసకబారితే సికిల్ ఉన్నట్టు. అయితే ఆ మనిషి క్యారియరో (జబ్బు లేకుండా జన్యువు మాత్రం మోసేవాళ్లు), రోగో అది చెప్పదు. పసిపిల్లల్లోనూ, రక్తం బాగా తక్కువున్న వాళ్లలోనూ ‘లేదు’ అని తప్పు చెప్పొచ్చు. అందులో వాడే సోడియం డైథయోనైట్ అనే రసాయనం గాలి, తేమ తగిలితే చెడుతుంది. వానాకాలంలో డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే ఆ రోజు క్యాంపంతా వృథా. మసక వచ్చినవాళ్ల శాంపిల్ రక్తం గడ్డకట్టకుండా చూసే ఈడీటీఏ ట్యూబులో, చల్లగా, హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ యంత్రానికి పంపాలి. ఈమధ్య రక్తం ఎక్కించుకున్నవాళ్లయితే మూడు నెలలు ఆగి తీయాలి. చంద్రపూర్‌లో ఐసీఎంఆర్‌కు హిమోగ్లోబిన్ జబ్బుల కేంద్రమే ఉంది, కానీ సిరోంచ నుంచి శాంపిల్ అక్కడికి చేరాలంటే అల్లాపల్లి అడవి దాటాలి. ఐస్‌బాక్సు, బండి పెట్రోలు ఖర్చులు ప్రాజెక్టు దరఖాస్తులోనే రాయాలి. మంజూరయ్యాక ఒక పద్దు సొమ్ము ఇంకో పద్దుకు మార్చాలంటే మళ్లీ అనుమతి.

ఇంకొకటి, అనువాదం ఖర్చు. సమ్మతి పత్రం మరాఠీలో అచ్చువేసి సిరోంచ తాలూకాకు తీసుకెళ్తే తెలుగు, గోండీ, మాడియా మాట్లాడే తల్లులు వేలిముద్ర వేస్తారు. దేనికి వేశారో వాళ్లకు తెలియదు. రెండో విజిట్‌కు రక్తం ఇవ్వమంటే తలుపు వేసుకుంటారు.