బరువు ఏ ముక్క మీద?

పాపకు రేపు బయాలజీ సెమినార్. ఒకటే టెన్షన్. రాత్రి ఇద్దరం పొడుగు ఇంగ్లిష్ పదాలన్నీ ఎక్కడ ఒత్తి పలకాలో చూసుకుంటూ ముక్కలు చేస్తూ కూర్చున్నాం. ఫో-టో-సిన్-థ-సిస్‌లో ఒత్తి పలకాల్సింది మూడో ముక్క, 'సిన్'. అదే ఫోటోసింథటిక్ అయితే బరువు 'థె' మీదికి జరుగుతుంది. చివర 'ఇక్' వస్తే చాలావరకు దాని ముందు ముక్కకే పట్టు. (అరిథ్మెటిక్ మాత్రం మొండిఘటం, 'రిత్' దగ్గరే ఆగుతుంది.) 'ఆలజీ' పదాలు హాయి. జియాలజీ అయినా మైక్రోబయాలజీ అయినా ఆ 'ఆ' దగ్గరే.

మనం తెలుగులో అక్షరాలన్నీ ఇంచుమించు ఒకే బలంతో పలుకుతాం కదా, నాలుక అందుకే మొరాయిస్తుంది. పద్యాలు చదివే మా నాన్నగారు "ఛందస్సులోలా గురువు ఉన్నచోటే ఒత్తాలామ్మా?" అన్నారు. అలా కుదరదు తాతయ్యా అంటూ డీ-ఆక్-సి-రై-బో-న్యూ-క్లీ-ఇక్ మొదలుపెట్టింది. ఎనిమిది ముక్కలు. 'క్లీ' దగ్గర గట్టిగా ఒత్తి, ఊపిరి పీల్చుకుని, "దీని బదులు పొట్టిగా డీఎన్‌ఏ అంటే మార్కులు తగ్గిస్తారా?" అంది.