వాపు దిగితే మోకాలు బాగైనట్టు కాదు

మా తమ్ముడు కబడ్డీలో రైడర్. పోయినేడాది తిరుపతిలో ఒక మ్యాచ్‌లో బోనస్ లైన్ దగ్గర్నుంచి వెనక్కి తిరుగుతుంటే, ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ తగల్లేదు, పాదం మ్యాట్‌కి అంటుకుపోయి ఒళ్లు మాత్రం తిరిగింది. "లోపల టప్‌మని వినబడిందక్కా" అన్నాడు. సాయంత్రానికి మోకాలు కొబ్బరికాయంత అయింది.

ఎక్స్‌రేలో ఎముక బాగుంది. నాన్న పుత్తూరు కట్టుకు పోదామన్నాడు, చిన్నప్పుడు వాడి చెయ్యి అక్కడే అతుక్కుంది మరి. కానీ తెగింది ఎముక కాదు, తొడ ఎముకనీ కింది ఎముకనీ కలిపి పట్టే ఏసీఎల్ లిగమెంట్. అది ఎక్స్‌రేలో కనబడదు. పూర్తిగా తెగితే చాలామందిలో దానంతట అది సరిగ్గా అతుక్కోదు. మాకేం తెలుసు? మూడు వారాల్లో వాపు దిగింది, మామూలుగా నడిచాడు, మళ్లీ ఆటకి పోయాడు. రెండో రోజే మోకాలు జారింది, ఈసారి మెనిస్కస్, అంటే రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి, కూడా చిరిగింది. ఆ మూడు వారాల్లోనే ఎమ్మారై తీయించి ఉంటే అని ఇప్పటికీ నా కడుపు తరుక్కుపోతుంది.

ఆపరేషన్ చిన్న రంధ్రాల్లోంచే చేశారు. తొడ వెనక హ్యామ్‌స్ట్రింగ్ కండరం నుంచి టెండన్, అంటే కండరాన్ని ఎముకకి కట్టే తాడులాంటిది, తీసి తెగిన లిగమెంట్ స్థానంలో పెట్టి, రెండు ఎముకల్లో సొరంగాలు వేసి బిగించారు. అసలు కష్టం ఆ తర్వాతే. మోకాలి కింద చుట్టిన టవల్ పెట్టి దాన్ని కిందికి నొక్కమంటే, మనిషిని మోసుకుంటూ రైడ్ నుంచి వచ్చే నా తమ్ముడికి తొడ కండరం కదల్లేదు, కళ్లలో నీళ్లు. టైలర్ టేపుతో కొలిస్తే ఆ తొడ నాలుగు సెంటీమీటర్లు సన్నబడింది.

కొత్తగా పెట్టిన ఆ టెండన్‌కి రక్తనాళాలు పట్టేదాకా, అంటే మొదటి కొన్ని నెలలు, అది పెట్టిన రోజుకన్నా బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే నొప్పి పోయి కాళ్లు ఆడమంటాయి. అందుకే కనీసం తొమ్మిది నెలలు ఆట వద్దంటారు. కుస్తీ క్రీడాకారిణి వినేశ్ ఫోగట్‌కి 2016 రియో ఒలింపిక్స్‌లో మోకాలు దెబ్బతింది, ఏషియన్ గేమ్స్ స్వర్ణం 2018లో వచ్చింది. తమ్ముడికి రోజూ ఇదే చెప్తున్నా.

ఇప్పుడు ఆరో నెల. అలిపిరి మెట్లెక్కిస్తానని అమ్మ మొక్కుకుంది, ఎక్కడానికి ఫిజియో సరే అన్నాడు, దిగడం మాత్రం బస్సులోనే. మళ్లీ ఆటకి పోవాలంటే ఒంటికాలి గెంతులో ఆపరేషన్ అయిన కాలికి, మంచి కాలు గెంతే దూరంలో తొంభై శాతం రావాలట. నిన్న డెబ్భై ఎనిమిది వచ్చింది.