మా లాడ్జి ఓనరు దగ్గర గ్రాట్యుటీ ఎలా వసూలైంది

తిరుపతి లాడ్జీల్లో పనిచేసేవాళ్లను ఎవరినైనా అడగండి, గ్రాట్యుటీ, అంటే పని వదిలేటప్పుడు చేసిన ఏళ్లను బట్టి ఓనరు ఇవ్వాల్సిన మొత్తం, గవర్నమెంటోళ్లకు, బ్యాంకోళ్లకు వచ్చే డబ్బు అంటారు. రూం బాయ్‌లకు, రిసెప్షన్‌లో కూర్చునేవాళ్లకు, దుప్పట్లు ఉతికే ఆడవాళ్లకు కూడా అది హక్కేనని చెబితే నవ్వుతారు. పదిమంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట ఐదేళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ఇవ్వాలని 1972లోనే చట్టం వచ్చింది. నేను ఆ డబ్బు తెచ్చుకున్నాను. ఎలా తెచ్చుకున్నానో రాస్తే మా లైన్లో ఇంకొకరికి పనికొస్తుందని రాస్తున్నాను.

బస్టాండుకు దగ్గర్లోని ఒక లాడ్జిలో 2012 జూన్‌లో చేరాను. దాని పేరు ఇక్కడ రాయను. రూములివ్వడం, ఆధార్ జిరాక్సులు తీసుకోవడం, డబ్బు కట్టించుకుని రసీదు రాయడం నా పని. రాత్రి డ్యూటీ అయితే మెట్ల కింద స్టోర్‌రూంలోనే పడక. తమిళుల పెరటాసి నెలలో తమిళనాడు నుంచి జనం విరగబడతారు. ఆ శనివారాల్లో, బ్రహ్మోత్సవాల్లో, వైకుంఠ ఏకాదశికి సెలవు మాట ఎత్తకూడదు. ఎన్ని గంటలు నిలబడినా ఓటీ అనేది మేము ఎరగం. అయినా పాత ఓనరు పెద్దాయన ఉన్నంత కాలం నెలాఖరుకు జీతం ఆగలేదు, పండక్కి బట్టలు పెట్టేవాడు, ఆ మాట చెప్పుకోవాలి.

2024 ఫిబ్రవరి చివర్లో ఆయన కొడుకు నన్ను లోపలికి పిలిచి, "ఇప్పుడన్నీ ఆన్‌లైన్ బుకింగులే కదన్నా, రేపటి నుంచి రావద్దులే" అన్నాడు. అంతే. మన రాష్ట్రంలో 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఉంది. ఆరు నెలలకు తగ్గకుండా పనిచేసినవాణ్ని సరైన కారణం లేకుండా తీసేయకూడదు, తీసేస్తే నెల ముందు రాసి ఇవ్వాలి, లేదంటే నెల జీతం ఇవ్వాలి. నాకు రెండూ ఇవ్వలేదు. గ్రాట్యుటీ అడిగితే, "అదేంది? మన లాడ్జిలో ఎప్పుడన్నా ఎవరికన్నా ఇచ్చినామా?" అన్నాడు. నిజమే, ఎవరికీ ఇవ్వలేదు. నా ముందు ముగ్గురు ముసలివాళ్లు ఉత్త చేతులతో వెళ్లిపోవడం నేనే చూశాను.

లెక్క సులభమే. ఆఖరి నెల జీతాన్ని 26తో భాగించి, 15తో గుణించి, పనిచేసిన ఏళ్లతో గుణించాలి. ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి ఏడాదిగా చూస్తారు. నాది 11 ఏళ్ల 8 నెలలు, అంటే 12 ఏళ్లు. జీతం 13,000. ఏడాదికి 7,500 చొప్పున 90,000 రావాలి.

మా వీధిలో ఉండే ఒక యూనియన్ అన్న సలహాతో మొదట ఓనరుకే గ్రాట్యుటీ అడిగే ఫారం 'ఐ' నింపి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అది తీసుకోకుండా తిప్పి పంపేశారు. కవరు మీద పోస్ట్‌మన్ 'తీసుకోలేదు' అని రాసి తెచ్చిచ్చాడు. ఆ కవరు చింపబోతుంటే అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "చింపొద్దు నైనా, దీన్ని ఇట్లే ఉంచు. అడిగినావు, వాళ్లు వద్దన్నారు అనేదానికి ఇదే సాక్ష్యం" అన్నాడు. ముప్పై రోజుల్లో డబ్బు ఇవ్వకపోతే లేబర్ డిపార్ట్‌మెంటులో కేసు వేయాలి, దానికి అప్పట్లో ఫారం 'ఎన్'. తొంభై రోజుల్లోపు వేయడం మంచిది. ఆలస్యమైతే కారణం చెప్పుకుని అనుమతి తెచ్చుకోవాల్సి వస్తుంది.

లాయరు ఫీజు గురించి భయపడ్డాను. అయితే 1987 న్యాయ సేవల చట్టం కింద కార్మికులకు ఉచితంగా లాయరును ఇస్తారు. కోర్టు కాంప్లెక్సులోని న్యాయ సేవా కమిటీలో అర్జీ పెట్టుకోవాలి. 15100కి ఫోన్ చేసినా చెబుతారు. నాకు ఒక లాయరమ్మను ఇచ్చారు. చిన్న వయసే గానీ ఓపిక చాలా ఉంది. మొదటి రోజే, "మీరు అక్కడ పనిచేశారని చూపించే ప్రతి ముక్కా తీసుకురండి, పనికిరాదనుకున్నవి కూడా" అన్నారు.

కేసు మొత్తం ఆ ముక్కల మీదే నడిచింది. నాకు అపాయింట్‌మెంట్ ఆర్డరు లేదు. జీతం రిజిస్టరు, హాజరు పట్టీ వాళ్ల బీరువాలో ఉన్నాయి. పనిచేసింది నేను, రాసిపెట్టుకునేది వాళ్లు, నిరూపించుకోవాల్సింది మళ్లీ నేను. ఈ చట్టాలన్నిటిలో కార్మికుడు ఇరుకున పడేది ఇక్కడే అని నాకు అర్థమైంది.

లేబర్ అధికారి దగ్గర విచారణలో వాళ్ల లాయరు మొదట వాయిదాలు అడిగాడు. ఒకసారి ఒంట్లో బాగాలేదు, ఒకసారి వకాలత్ మారుతుంది, ఒకసారి రికార్డులు ఆడిటరు దగ్గరున్నాయి. ప్రతి వాయిదాకూ నేను కొత్త చోట ఒక పూట జీతం పోగొట్టుకుని రావాలి. వాళ్లకు పోయేది ఏమీ లేదు. తర్వాత అసలు వాదన బయటపెట్టారు. పాత లాడ్జి తండ్రి పేరు మీది సంస్థ, అది 2020 మార్చిలో మూతపడింది, అక్టోబరులో కొడుకు కొత్త సంస్థ పెట్టాడు, ఇతను అప్పుడు కొత్తగా చేరాడు, మూడేళ్ల చిల్లర సర్వీసుకు గ్రాట్యుటీ రాదు అని. నా పీఎఫ్ పాస్‌బుక్ చూపించారు. అందులో నిజంగానే రెండు మెంబర్ ఐడీలు (ఒక్కో సంస్థకు ఒకటి) ఉన్నాయి, మొదటిది 2020 మార్చితో ఆగిపోయింది.

ఆ రోజు నాకు కాళ్లు వణికాయి. కరోనా టైంలో కొండ మీద దర్శనాలు మార్చి 20న ఆగాయి, జూన్‌లో మళ్లీ కొద్దికొద్దిగా మొదలయ్యాయి. యాత్రికులు లేక ఊళ్లో లాడ్జీలన్నీ తాళాలు వేసుకున్నాయి. ఆ నెలల్లో మా లాడ్జిని కాపలా కాసింది నేను. సగం జీతం, అదీ చేతికి ఇచ్చారు. బ్యాంకులో పడలేదు కాబట్టి రుజువు లేదనుకున్నారు. కానీ మేనేజరు పెట్టిన వాట్సాప్ మెసేజీలు నా పాత ఫోన్లో ఉన్నాయి. మోటారు వెయ్యి, మూడో అంతస్తులో ట్యాంకు కడిగించు, కరెంటు బిల్లు కట్టి ఫొటో పంపు, ఇట్లాంటివి వరుసగా ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా. లాయరమ్మ వాటికి ప్రింట్లు తీయించి, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇవ్వాల్సిన సర్టిఫికెట్టు జతచేసి వేశారు. ఒకవేళ పని లేక మూసినా, కార్మికుడి తప్పు లేకుండా పని ఆగితే సర్వీసు తెగినట్టు కాదని గ్రాట్యుటీ చట్టం రెండు-ఏ సెక్షనులోనే ఉందని చూపించారు.

రెండో సాయం ఎవరి నుంచి వచ్చిందో చెబితే మీరు నమ్మరు. వేలూరు నుంచి ఏటా పెరటాసికి వచ్చే ఒక పెద్దాయన ఉన్నాడు. ప్రతి ప్రయాణం ఖర్చూ నోటుబుక్కులో రాసి, రసీదులు దానికి అంటించుకునే అలవాటు ఆయనకు. ఫోన్ చేసి సంగతి చెబితే 2014 నుంచి 2023 దాకా దొరికిన రసీదులన్నీ కొరియర్‌లో పంపాడు. అన్నిటి మీదా నా సంతకమే. సంస్థ మారిందంటున్న 2020కి ముందూ తర్వాతా అదే బోర్డు పేరు, అదే అడ్రసు, అదే ల్యాండ్‌లైన్ నంబరు. ఆయనకు నేను చేసిందల్లా మోకాళ్ల నొప్పులని కింది అంతస్తు రూం ఇవ్వడమే.

మా దగ్గర ఉండేది ఎనిమిదిమందే, ఈ చట్టమే వర్తించదు అని ఇంకో మాట కూడా అన్నారు. క్లీనింగ్ వాళ్లను ఏజెన్సీ పేరు మీదికి మార్చి తలలు తగ్గించారు. ఇది ఎక్కువసేపు నిలవలేదు. ఒకసారి చట్టం వర్తించిన సంస్థకు మనుషులు తగ్గినా అది వర్తిస్తూనే ఉంటుంది. పైగా మాకు పీఎఫ్ కట్టారు, అది ఇరవైమంది ఉన్న చోట తప్పనిసరి.

మధ్యలో జరిగిన ఒత్తిడి రాయకుండా ఉండలేను. ఓనరు వైపు బంధువు ఒకాయన ఇంటికొచ్చి, "ముప్పైవేలు తీసుకో, సంతకం పెట్టు, ఎందుకప్పా ఈ తిరుగుడంతా" అన్నాడు. సంతకం పెట్టకపోతే ఏ లాడ్జిలోనూ పని దొరకదని కూడా మెల్లగా చెప్పాడు. అది ఉత్త బెదిరింపు కాదు. భవానీ నగర్లో, గాంధీ రోడ్డులో అడిగిన చోటల్లా ముందు సరే అని, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. ఆఖరికి రేణిగుంట వైపు ఒక కల్యాణ మండపంలో తక్కువ జీతానికి చేరాను. అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాల్సిన నెల అది, టెన్షన్‌తో రాత్రుళ్లు నిద్ర ఉండేది కాదు. ముప్పైవేలు తీసుకుందామా అని ఇంట్లో అడిగాను. మా ఆవిడ, "పన్నెండేళ్లు పండగలకు నువ్వు ఇంట్లో లేవు. ఆ రోజుల లెక్క కూడా వాళ్లే కడతారా?" అంది. ఆ తర్వాత మా ఇంట్లో రాజీ మాట రాలేదు.

2025 ఆగస్టులో ఆర్డరు వచ్చింది. సర్వీసు 2012 నుంచి 2024 దాకా తెగలేదని ఒప్పుకున్నారు. కానీ 90,000 కాదు, 72,000. జీతంలో 2,600 ఇంటి అద్దె భత్యమని వాళ్ల రిజిస్టర్లలో, పీఎఫ్ లెక్కల్లో ఉంది, ఇంటి అద్దెను గ్రాట్యుటీకి లెక్కలోకి తీసుకోరు. మెట్ల కింద పడుకున్నవాడికి ఇంటి అద్దె ఇచ్చినట్టు రాసుకున్నారు, ఆ రాత వల్ల నాకు 18,000 పోయింది. చట్టం ప్రకారం అధికారి సరిగ్గానే లెక్కకట్టారు. అయినా ఆ మొత్తం తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. బాకీ పడిన నాటి నుంచి ఏడాదికి పది శాతం వడ్డీ ఇచ్చారు, అంటే నెలకు 600.

వాళ్లు అప్పీలుకు వెళ్తారని భయపడ్డాం. అప్పీలు వేసుకోవడానికి అరవై రోజుల గడువు ఉంటుంది. అయితే ఓనరు అప్పీలు వేయాలంటే ఆర్డరులోని గ్రాట్యుటీ డబ్బు ముందు కట్టాల్సిందే. కట్టకుండా కూర్చుంటే కలెక్టరుకు సర్టిఫికెట్టు పంపి భూమి శిస్తు బాకీలాగా వసూలు చేయించవచ్చు. ఈ రెండు సెక్షన్లే నన్ను గట్టెక్కించాయి. గడువు ముగిసేలోపే చెక్కు ఇచ్చారు.

నోటీసు లేకుండా తీసేసినందుకు రావాల్సిన నెల జీతం మీద వేరే అర్జీ వేశాం, అది ఇంకా నడుస్తోంది.

2025 నవంబరు 21 నుంచి, 1972 గ్రాట్యుటీ చట్టంతో సహా పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పని మానేసినా, తీసేసినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలని, నియామక పత్రం తప్పనిసరిగా ఇవ్వాలని అందులో ఉంది. నాకు ఆ ఒక్క పత్రం ఉండి ఉంటే సగం కేసు మొదటి వాయిదాలోనే తేలిపోయేది. మొన్న పాత లాడ్జిలో పనిచేసే ఇద్దరు అక్కలు కలిశారు, మీకు పత్రం ఇచ్చారా అని అడిగాను. ఏజెన్సీ వాళ్లు తెల్లకాగితం మీద వేలిముద్ర మాత్రం వేయించుకున్నారట. వాళ్ల ఈఎస్ఐ నంబర్లు, పీఎఫ్ యూఏఎన్ నంబర్లు రాసుకుని వచ్చాను. ఈ ఆదివారం వాళ్లిద్దరి పాస్‌బుక్‌లు ఉమంగ్ యాప్‌లో తీసి ప్రింటు వేయించాలి.