తాత క్యాలెండరు

మా తాత పోయి మొన్నటికి నెల అయ్యింది. 91 ఏళ్ళు. ఊళ్ళో అందరూ పండుటాకు రాలిపోయింది, నిండు జీవితం, ఏడవకూడదు అంటున్నారు, నిజమే గానీ ఆయన గురించి ఎక్కడో ఒకచోట రాసి పెట్టుకోకపోతే నాకు మనసు నిలబడేలా లేదు.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి పక్కన. కొబ్బరి, జీడి తోటల మధ్య ఊరు. తాతకి దేవుడంటే అరసవల్లి సూర్నారాయణ సామే. ఆదివారం ఒంటిపూట, అది కూడా ఉప్పు లేకుండా. తెల్లారకముందే నూతి దగ్గర స్నానం చేసి తూర్పుకి తిరిగి చెంబుతో నీళ్ళు వదిలేవాడు, జ్వరం వచ్చినా మానేది లేదు. రథసప్తమి ముందురోజు నన్ను రైల్లో ఆమదాలవలస తీసుకెళ్ళి అక్కణ్ణుంచి అరసవల్లి, అర్ధరాత్రి దాటాక క్షీరాభిషేకం మొదలవుతుంది కాబట్టి రాత్రంతా క్యూలోనే, నాకప్పుడు ఆరేళ్ళు, కాళ్ళు పీకుతున్నాయి తాతా అని ఏడిస్తే తువ్వాలు మడతపెట్టి నేలమీద పరిచి కూర్చోబెట్టి "సామి రోజూ ఆకాశమంతా తిరిగొస్తాడు కదరా బావూ, మనం ఒక్క రాత్రి నిలబడలేమేటి" అన్నాడు. తను మాత్రం కూర్చోలేదు.

మా మామ్మకి కిడ్నీలు పాడయ్యాయని 2009లో తెలిసింది. మా వైపు ఇది ఇంటింటి కథ. నీళ్ళ వల్ల అని కొందరు, మందుల వల్ల అని కొందరు, ఎన్ని పరీక్షలు చేసినా ఇదీ కారణం అని ఇప్పటికీ తేల్లేదు. అప్పుడు డయాలసిస్ అంటే విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కే పోవాలి, వారానికి రెండుసార్లు రైలు. రెండేళ్ళు తిప్పాడు. మామ్మ పోయింది.

అందరం ఇంక తాత ఇంటిపట్టునే ఉంటాడనుకున్నాం. కర్మకాండలు అయిన పదిరోజులకి మళ్ళీ అదే చేతిసంచీ పట్టుకుని బయల్దేరాడు. పై వీధిలో ఒకాయనకి తోడెళ్ళేవాళ్ళు లేరట, కొడుకులిద్దరూ వలస పనికి చెన్నై వెళ్ళిపోయారు. అలా మొదలైంది, తర్వాత ఎంతమందికి తోడెళ్ళాడో నేను లెక్కపెట్టలేదు, ఆయనా పెట్టలేదు. సోంపేటలో డయాలసిస్ పెట్టాక దూరం తగ్గింది, 2023 డిసెంబర్‌లో పలాస కిడ్నీ ఆసుపత్రి తెరిచాక ఇంకా నయం. ఆయన మాత్రం మానలేదు.

వంటింటి గోడకి క్యాలెండరు ఉండేది. ఆదివారాలకి పసుపు బొట్టు పెట్టేవాడు. ఎవరి డయాలసిస్ రోజుకి వాళ్ళ గుర్తు, ఒకరికి సున్నా, ఒకరికి అడ్డగీత, ఎదురింటి మామ్మకి కొబ్బరాకులాగా ఏదో గీసేవాడు. ఆవిడకి చదువు రాదు, సాయంత్రం గుమ్మంలోకొచ్చి "రేపేనా మరిదీ" అని అడిగితే చూసి చెప్పేవాడు.

తిత్లీ తుపాను, 2018 అక్టోబరు 11, తెల్లారేసరికి తోట మొత్తం పడిపోయింది. రోజుల తరబడి కరెంటు లేదు, మోటార్లు ఆడవు. తాత అటకమీంచి పాత గిలక, చేంతాడు దింపి నూతికి బిగించి వీధి మొత్తానికి నీళ్ళు తోడాడు. అరచేతులు బొబ్బలెక్కిపోయాయి. తన తోట సంగతి మూడోరోజుకి చూసుకున్నాడు.

ఒకటి నేను కళ్ళారా చూసింది చెప్పాలి. డయాలసిస్ వాళ్ళు నీళ్ళు కొలిచి తాగాలి, వేసవిలో నోరు ఎండిపోతుంది. తాత వాళ్ళ పక్కన కూర్చున్నంతసేపూ ఒక్క గుక్క కూడా తాగేవాడు కాదు. బస్సు ఆగినప్పుడు దిగి, వెనక్కెళ్ళి, కుళాయి దగ్గర దోసిలిపట్టి గబగబా తాగేసి మూతి తుడుచుకుని వచ్చేవాడు.

ఆయన పోయిన మూడోరోజు సాయంత్రం ఎదురింటి మామ్మ వచ్చి గుమ్మం బయటే నిలబడింది. ఏమీ అడగలేదు, వంటింటి వైపు చూస్తోంది. నాన్న కర్మలో ఉన్నాడు, కదలడానికి లేదు. నేనే వెళ్ళి క్యాలెండరు చూశాను. మర్నాటి మీద కొబ్బరాకు ఉంది.

"రేపే మామ్మా, నేనొస్తాను" అన్నాను.

పొద్దున్నే తాత సంచీ భుజాన వేసుకుని ఆవిడ ఫైలు అందులో పెట్టుకుని బస్సెక్కాను. సోంపేట చేరేసరికి ఎండ మండిపోతోంది. నా నీళ్ళ సీసా సంచీలో అడుగున అలాగే ఉంది.