పీట్ మంట, మా పెరటి పొయ్యి

చిత్తడి నేలల్లో మొక్కలు కుళ్లి పేరుకున్న పీట్ మట్టిని ఐర్లాండు పల్లెవాసులు ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, చలికాలమంతా ఇళ్లలో మండించుకుంటారని చదివినప్పుడు, గ్యాసు వచ్చి ఏళ్లయినా మా అనంతపురం పల్లెల్లో స్నానాల నీళ్లకు పెరటి పొయ్యే ఎందుకు మిగిలిందో నాకు మరింత స్పష్టమైంది. ఆ ఇంధనానికి డబ్బు పెట్టనక్కరలేదు. కంది కట్టె, శెనక్కాయ పొట్టు మన చేనివే, అక్కడ తరతరాలుగా పీట్ కోసుకునే హక్కున్న కుటుంబాలకూ చేత్తో కోసుకుంటే ఖర్చు ఒంటి కష్టమే. మా అవ్వ పిడకను విరిచి, నడుమ నిప్పు కణిక పెట్టి, పైన పొట్టు చల్లితే, మంట పెద్దగా లేవకుండానే అండాలో నీళ్లు తెల్లవారేదాకా వెచ్చగా ఉండేవి.

అయితే ఒక తేడాను దాటవేయకూడదు. కంది ఏటా పండుతుంది. పీట్ పొర మాత్రం ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరే పెరుగుతుంది, దాన్ని కాల్చితే వేల ఏళ్లుగా నేలలో నిలిచిన కర్బనం గాలిలో కలుస్తుంది. పొగ సంగతి చెప్పనే అక్కరలేదు. 2022 అక్టోబరు 31 నుంచి అక్కడ దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో పీట్ అమ్మకాన్ని నిషేధించినా, హక్కుదారులు సొంతానికి కోసుకోవడాన్ని ఆపలేదు. ఆ మినహాయింపు న్యాయమైనదేనని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే ప్రత్యామ్నాయం చేతికందకముందే పేదవాడి పొయ్యి ఆర్పమనడం తగదు.