కోటిపల్లి లైను కోసం రెడీమేడ్ పట్టాలు

ఇంగ్లండులోని లెస్టర్‌లో పార్సిల్ గోడౌన్‌లో నాది రాత్రి షిఫ్టు. తెల్లవార్లూ బెల్టు మీద వచ్చే పెట్టెలు మోసి ఇంటికొచ్చేసరికి గదిలో మిగతావాళ్లు పనుల్లోకి వెళ్లిపోతారు, ఒళ్లు అలిసినా నిద్ర వెంటనే పట్టదు. ఆ కాసేపూ నాది. ఆ టైంలో కాకినాడ-కోటిపల్లి రైలు లైనుకి చిన్న నమూనా కడుతున్నాను, నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు చెక్క మీద.

మాది ద్రాక్షారామం పక్క పల్లె. 1928లో వేసిన మా లైను పట్టాలు రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పీకేసి పట్టుకుపోయారు, మళ్లీ రైలు తిరిగింది 2004లో. అంతకాలం పట్టాల్లేకుండా ఉన్న లైనుకి పట్టాలే సరిగ్గా కుదరకపోతే ఇక కట్టడం ఎందుకు అనిపిస్తుంది నాకు.

ఇక్కడ దొరికే బొమ్మ రైళ్లు ఎక్కువగా డబుల్ ఓ సైజువి, అంటే అసలు రైల్లో 76వ వంతు. పట్టాల మధ్య ఎడం మాత్రం 16.5 మిల్లీమీటర్లే. మన బ్రాడ్‌గేజి 1676, ఆ లెక్కన 22 రావాలి. అది సరిచేయాలంటే ప్రతి బండికీ చక్రాలు మార్చాలి, వదిలేశాను. మార్చగలిగింది స్లీపర్ల, అంటే పట్టాల కింద అడ్డంగా ఉండే దిమ్మల, ఎడం. మామూలుగా దొరికే పట్టాలు 87వ వంతు లెక్కతో చేస్తారు కాబట్టి స్లీపర్లు మరీ దగ్గరదగ్గరగా ఉంటాయి, మన లైను చూసిన కంటికి అది వెంటనే తెలిసిపోతుంది. తమ్ముణ్ణి అడిగితే ద్రాక్షారామం ప్లాట్‌ఫాం మీద నిలబడి ఫోటోలు తీసి పంపాడు. "అన్నయ్యా, ఊళ్లో ఇన్ని ఉండగా సిమెంటు స్లీపర్ల ఫోటోలెందుకు?" అన్నాడు. నాకు కావలసింది అవే మరి.

మన దగ్గర స్లీపరు మధ్య నుంచి స్లీపరు మధ్యకి 60, 65 సెంటీమీటర్లుంటుంది, నా చెక్క మీద 8 నుంచి 8.5 మిల్లీమీటర్లు. వంగే పట్టా ముక్క తిరగేసి చూస్తే స్లీపర్లని కలుపుతూ సన్నటి ప్లాస్టిక్ పుల్లలుంటాయి. పదునైన బ్లేడుతో వాటిని ఒక్కొక్కటీ కోసేస్తే స్లీపర్లు పట్టా వెంబడి జరుగుతాయి. అట్టముక్క ఒకటి కొలతకి కోసుకుని, దాన్ని మధ్యలో పెట్టి స్లీపరు జరపడం, జిగురు పెట్టడం, మళ్లీ జరపడం. విసుగు పుట్టే పనే, కానీ రాత్రంతా బెల్టు తరిమిన చేతులకి నా ఇష్టప్రకారం నెమ్మదిగా కదలడమంటే ఎంత హాయో చెప్పలేను.

వంపు దగ్గర లోపలి పట్టా చివర బయటికి పొడుచుకొస్తుంది. చిన్న రంపంతో కోసి, ఆకురాయితో గరుకు తీసి, అప్పుడే రెండు పట్టాల్ని కలిపే ఫిష్‌ప్లేటు ఎక్కించాలి, గరుకు ఉంటే చక్రం అక్కడే ఎగురుతుంది. టంకం పెట్టేటప్పుడు ఐరన్ ఎక్కువసేపు ఆనిస్తే ప్లాస్టిక్ కరుగుతుంది, రెండు సెకన్లు చాలు. స్లీపర్లకి బూడిదరంగు, పట్టాల పక్కలకి తుప్పు రంగు వేసి, పైభాగం మాత్రం తుడిచేయాలి, కరెంటు అందేది అక్కడి నుంచే. కంకర పోశాక నీళ్లు కలిపిన జిగురులో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేసి ఇంకు ఫిల్లరుతో వదిలితే రాళ్లు కదలకుండా లోపలికి పీల్చుకుంటుంది.

లైనుకి ఇరుపక్కలా వరిచేలు, కొబ్బరిచెట్లు రావాలి. పాలకొల్లు నుంచి వచ్చిన మా రూమ్మేటు ఆదివారం చూసి, "బావా, కాలవగట్టు ఇంకాస్త ఎత్తు లేపు, వరదొస్తే మునుగుద్ది" అన్నాడు. నిజమే, లేపాను.

సెలవుకి వెళ్లినప్పుడు ఊరికి పట్టుకెళ్లాలని ఉంది. ఇక్కడ పట్టా ముక్క 914 మిల్లీమీటర్లు, సూట్‌కేసులో పట్టదు. అందుకే చెక్కని రెండు ముక్కలు చేసి బోల్టులు పెడుతున్నాను. అతుకు దగ్గర పట్టాల చివర్లు చెదరకుండా చెక్కలో ఇత్తడి మరలు బిగించి, వాటికి పట్టాలని టంకం వేయాలి, ఈ వారం ఆ పని.